పదకొండు గంటల చెమట

మతీన్ ఫోన్ చేసినప్పుడు సుహాసిని పిల్లల చేతులు కడిగిస్తోంది. దోహాలో, మదీనత్ ఖలీఫాలోని ఆ నర్సరీలో పదకొండింటికి పండ్లు పెడతారు. పెట్టేముందు ఇరవై ఇద్దరు పిల్లల చేతులూ ఆమే కడగాలి. మతీన్‌ది బోధన్. వెస్ట్ బేలో ఓ నలభై అంతస్తుల టవర్‌కు ఆమె భర్త రత్నాకర్ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్, మతీన్ అతని కింద టెక్నీషియన్. ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు.

"వదినా, పరేషాన్ గాకు. అన్న ఇప్పుడు మంచిగనే ఉన్నడు," అన్నాడు. "పొద్దున మీటింగ్‌ల ఏందేందో మాట్లాడిండు. ఏసీ గురించి అడిగితే లిఫ్టుల గురించి చెప్తుండు. మేనేజర్ మీదికి లేసిండు. అంత చల్లటి రూములో చొక్కా మొత్తం తడిసిపోయింది. నేను పక్కకు తీస్కపోయి జ్యూస్ తాగిపిచ్చిన. పావుగంటల మామూలు మనిషయిండు."

తాగాడా అన్న ప్రశ్న ఆమె నోటిదాకా వచ్చి ఆగింది. అవతల మతీన్ కూడా కాసేపు ఆగి, "వాసనైతే ఏం రాలే వదినా," అన్నాడు. అంటే అతనికీ అదే అనుమానం వచ్చిందన్నమాట.

ఆ రోజు సాయంత్రం ఐదింటికి రత్నాకర్ ఇంటికి రాగానే సుహాసిని టిఫిన్ డబ్బా అందుకునే నెపంతో దగ్గరికి వెళ్ళింది. చూయింగ్ గమ్ వాసన వచ్చింది. చూయింగ్ గమ్ ఎందుకు నమలాల్సి వచ్చిందని ఇంకో అనుమానం. మీటింగ్ సంగతి అడిగితే, "ఎవడు చెప్పిండు నీకు? నా వెనుక ఎవడెవడితోని మాట్లాడుతున్నవ్?" అని గయ్యిమన్నాడు. తొమ్మిదేళ్ళ కాపురంలో అతను ఆ గొంతుతో మాట్లాడింది లేదు.

తర్వాతి రెండు వారాల్లో ఆమె చాలా చూసింది. కారు డాష్‌బోర్డులో చాక్లెట్ కాగితాలు ఉండచుట్టి దాచి ఉన్నాయి. నాలుగు నెలల కిందట షుగర్ అని తేలాక తీపి మానేశానని అందరికీ చెప్పుకున్న మనిషి దొంగతనంగా తింటున్నాడు. మొదట్లో రోజూ సముద్రం ఒడ్డున కార్నిష్ వెంట నడిచి నాలుగు కిలోలు తగ్గాడు. ఇప్పుడు ఆ నాలుగూ తిరిగి వచ్చి, పైన ఇంకో రెండు చేరాయి. ఆకలి, ఆకలి అంటాడు. తన ఫోన్ ఎవరో ముట్టుకున్నారంటాడు. పగలు డ్యూటీలోంచి ఫోన్ చేసి, మేనేజర్ పెళ్ళాంతో నువ్వేం చెప్పావని నిలదీస్తాడు. అయితే సాయంత్రం ఆరు దాటితే మళ్ళీ పాత రత్నాకరే. పొద్దున అన్న మాటలు సగం గుర్తుండవు. గుర్తు చేస్తే మొహం ఎర్రబడుతుంది.

తాగుడు కాకపోతే ఇంకెవరైనా ఉన్నారా? ఆ ఆలోచన వచ్చినందుకు తనను తనే తిట్టుకుని, మర్నాడు అతని చొక్కా జేబులు వెతికింది.

ఈ సంగతులు చెప్పుకోవడానికి ఇంట్లో ఉన్నది మామగారు ఒక్కరే. గంగన్న నవంబరులో విజిట్ వీసా మీద దోహా వచ్చాడు. మెట్‌పల్లి దగ్గర ఒక పల్లెలో ముప్పై రెండేళ్ళు ఆర్.ఎం.పి. వైద్యం చేసిన మనిషి. చదివింది ఇంటర్మీడియెట్, నేర్చింది కోరుట్లలో ఒక పెద్ద డాక్టరు దగ్గర ఆరేళ్ళు కాంపౌండర్‌గా నిలబడి. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకు ఆయన "డాక్టర్ సాబ్". అల్ దోహా అల్ జదీదాలోని వీళ్ళ రెండు గదుల ఫ్లాట్‌కు వచ్చిన మొదటి వారంలోనే కోడలి సంగతి ఒకటి కనిపెట్టాడు. సుహాసినికి థైరాయిడ్. ఏడాదిగా గోలీ వేసుకుంటున్నా అలసట తగ్గడం లేదు, జుట్టు రాలుతూనే ఉంది, డాక్టరు డోసు పెంచుతూనే ఉన్నాడు.

"చాయ్‌తోని వేస్కుంటున్నవా బిడ్డా? మళ్ళ ఎంబడే ఎముకల గోలీ గూడనా?" అని అడిగాడు గంగన్న. "గట్లయితే అది పేగుల కెల్లి నెత్తురుల కలువది. కాల్షియం దాన్ని పట్టుకొని బయటికి తీస్కపోతది. లేవంగనే ఒట్టి నీళ్ళతోని వేస్కో. గంట దాంక చాయ్ ముట్టకు. ఎముకల గోలీ రాత్రికి."

ఆమె అలాగే చేసింది. ఆరు వారాలకు పరీక్ష చేయిస్తే ఏడాదిలో మొదటిసారి అంకె సరిగ్గా వచ్చింది. అప్పటినుంచి ఆయన మాటంటే ఆమెకు గురి. రత్నాకర్‌కు మాత్రం లేదు. ఒక శుక్రవారం భోజనాల దగ్గర, స్నేహితులు నలుగురూ ఉండగా, గంగన్న కొడుకు మందుల చీటీ చూసి, "ఈ ఒక్క గోలీతోని ఏమైతది? మొదలే గట్టిగ కొట్టాలె," అన్నాడు. "బాపూ, నీ వైద్యం ఊర్ల చూసుకో. ఈడ లైసెన్సున్న డాక్టర్లున్నరు," అని నవ్వాడు రత్నాకర్. నలుగురూ నవ్వారు. గంగన్న కూడా నవ్వి, చీటీ మడిచి ఇచ్చేశాడు.

సుహాసిని తన బాధ చెప్పుకున్నప్పుడు ఆయన అంతా విని, "పని తిప్పలు బిడ్డా. టయానికి తింటలేడు. తినుమని చెప్పు," అన్నాడు. మర్నాటి నుంచి కొడుకు డబ్బాలో రెండు చపాతీలు ఎక్కువ పెట్టించాడు.

జనవరి మొదటి వారంలో, ఒక సోమవారం, పొద్దున పదకొండు దాటాక రత్నాకర్ కారు ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగకుండా మెల్లగా వెళ్ళి పేవ్‌మెంట్ ఎక్కింది. పక్కన మతీన్ ఉన్నాడు కాబట్టి హ్యాండ్ బ్రేక్ లాగాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వచ్చిన పోలీసు అద్దంలోంచి తొంగిచూసి ముక్కు ఎగబీల్చాడు. మతీన్ తనకు తెలిసిన అరబీ అంతా కూడగట్టి "సుక్కర్, సుక్కర్" అని చెప్పి, అతన్ని ఆస్పత్రికి చేర్చాడు.

సుహాసిని వెళ్ళేసరికి చేతికి గ్లూకోజ్ ఎక్కుతోంది. రత్నాకర్ కళ్ళు తెరిచి ఉన్నాయి, చూపు ఇంకా కుదురుకోలేదు. పక్కన నర్సు లూర్దమ్మ, బాపట్ల మనిషి, దూది మారుస్తోంది.

"కంగారు పడకండమ్మా. వచ్చేసరికి షుగర్ నలభై ఒకటి ఉంది. అందుకే అలా అయిపోయాడు. ఇప్పుడు లేచింది," అంది.

"ఎక్కువైతెనే గదా ప్రమాదం?"

"ఎక్కువైతే ఏళ్ళ మీద పాడుచేస్తుందమ్మా. పడిపోతే అరగంట చాలు. మెదడుకి అదే తిండి. అది అందకపోతే మనిషి తాగినవాడిలా మాట్లాడతాడు, చెమటలు పడతాయి, అయినవాళ్ళ మీద కూడా లేనిపోని అనుమానాలు వస్తాయి."

సుహాసినికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చాక్లెట్ కాగితాలు, తడిసిన చొక్కా, ఆ అరుపులు. తను వాసన చూసిన రోజులు.

తాగుడు కాదన్న ఆ ఉపశమనం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. డాక్టర్ ముఖీత్ హైదరాబాద్ వాడు. మొదటినుంచీ రత్నాకర్‌కు మందు రాస్తున్నది ఆయనే. పరీక్ష కాగితాలు రెండుసార్లు తిరగేసి, ఆమెను ఒక్కదాన్నే గదిలోకి పిలిచాడు.

"చూడమ్మా, నేనిచ్చింది మెట్‌ఫార్మిన్ ఒక్కటే. అది ఏం చేస్తదంటే, మన లివర్ రాత్రంతా కొంచెం కొంచెం చక్కెర నెత్తుట్లకు వదుల్తుంటది. షుగర్ పేషెంట్లల్ల అది హద్దు మీరి వదుల్తది. ఈ గోలీ దాన్ని ఆపుతది. ఉన్న ఇన్సులిన్ మాట ఒళ్ళు కొంచెం మంచిగ వినేటట్టు చేస్తది. గంతే. కొత్తగ ఇన్సులిన్ పుట్టియ్యదు. మంచిగ తినే మనిషికి అదొక్కటే షుగర్‌ను నలభై ఒకటికి తియ్యదు. ఇరవై ఏండ్లల్ల నేను చూడలే."

"మరి ఎట్ల?"

"పడిపోయినప్పుడు తీసిన నెత్తుట్లనే ఇన్సులిన్ కూడ కొలిచినం. షుగర్ అంత తక్కువుంటే ఇన్సులిన్ బందయిపోవాలె. ఈయనకు బాగా ఉంది. బయటి నుంచి సూదేసుకున్నది కాదు, సొంత పాంక్రియాస్ తయారుచేసిందే. అది కూడ పరీక్షల తెలిసింది. అంటే రెండే దారులు. ఒకటి, పాంక్రియాస్ మీద చిన్న గడ్డ. రెండు..." ఆయన కాగితం మీంచి కళ్ళెత్తాడు. "పాంక్రియాస్‌ను పట్టి పిండే గోలీలు ఇంకో రకమున్నయి. ఇంట్లో ఎవరికన్నా షుగర్ ఉందా? ఎవరన్నా గోలీలు వేసుకుంటరా?"

"లేరు. నాకు థైరాయిడ్. మామకు బీపీ. గంతే."

"ఈయన వంట ఎవరు చేస్తరు?"

"నేనే," అంది సుహాసిని. అన్నాక ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో అర్థమైంది. డాక్టరు మర్యాదగా తల ఊపి ఏదో రాసుకున్నాడు. ఆ గోలీల ఆనవాలు పట్టే పరీక్షకు నమూనా వేరే దేశం పంపాలనీ, ఫలితానికి రెండు వారాలు పడుతుందనీ, ఈలోగా స్కాన్ తీద్దామనీ చెప్పాడు. ఆయన గొంతులో కోపం లేదు. అయినా ఆమెకు ఒళ్ళంతా ఎవరో తడిమి సోదా చేసినట్టయింది.

ఆస్పత్రిలో మొదటి రాత్రి గ్లూకోజ్ ఎక్కించినా రెండుసార్లు పడిపోయిన షుగర్, రెండోరోజు ఒక్కసారీ పడలేదు. పైగా రెండువందల అరవైకి లేచింది. ఆస్పత్రి తిండి తింటే పడడం లేదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. రత్నాకర్ మాత్రం దిండుకు ఆనుకుని చాలాసేపు కప్పువైపు చూసి, మెల్లగా అన్నాడు.

"సుహా, నువ్వేమన్నా కలుపుతున్నవా నా అన్నంల? కోపంతోని కాదు. నిజం చెప్పు. మంచికే అనుకొని చేసినా సరే."

అతని షుగర్ అప్పుడు పడిపోయి లేదు, తెలివిగానే ఉన్నాడు. అందుకే ఆ మాట ఎక్కువ తగిలింది. ఆమె లేచి అతని దుప్పటి సర్దింది. కిటికీ దగ్గర కుర్చీలో గంగన్న కూర్చుని ఉన్నాడు. "గడ్డ అంటున్నడా డాక్టరు? కోస్తరా?" అని మాత్రం అడిగాడు. మళ్ళీ తనే, "ఈ ప్రైవేటోళ్ళు స్కాన్ల కొరకు ఏదన్నా అంటరు," అని సగంలో ఆపేశాడు.

ఇంటికి వచ్చాక రత్నాకర్ కంచం ముందు కూర్చుని, ఆమె తన కంచంలోంచి రెండు ముద్దలు తినేదాకా చెయ్యి కదపలేదు. చూడనట్టే చూశాడు. ఆమె కూడా చూడనట్టే తిన్నది.

మర్నాడు నర్సరీకి వెళ్ళినా ఆమె మనసు మనసులో లేదు. ఒక పిల్ల వాంతి చేసుకుంటే వాళ్ళమ్మకు ఫోన్ చేసి అలవాటుగా అడిగింది, "పొద్దున ఏం తిన్నది?" అడిగి ఫోన్ పెట్టేశాక అక్కడే నిలబడిపోయింది. ఈ ప్రశ్న తన ఇంట్లో తను వేసుకోలేదు.

మతీన్‌కు ఫోన్ చేసి, అన్నకు చెమటలు పట్టిన రోజులేవో, పట్టనివేవో గుర్తుంటే చెప్పమంది. మతీన్ జ్ఞాపకం మంచిది. పట్టినవన్నీ ఆదివారం నుంచి గురువారం దాకా, పదింటికీ పన్నెండింటికీ మధ్య. డిసెంబరులో మూడు రోజులు టవర్‌లో పంపు చెడిపోయి నాలుగున్నరకే డ్యూటీకి పోయారు. ఆ మూడు రోజులూ అన్న బాగానే ఉన్నాడు. శుక్ర, శనివారాలు ఏమీ లేదు. అవును, సెలవు రోజుల్లో ఇంట్లో పూరీలో దోశలో పదింటిదాకా తింటూనే ఉంటారు.

నాలుగున్నరకు బయల్దేరిన రోజుల్లో అతను తాగనిది ఒక్కటే, రోజూ పొద్దున ఇంట్లో తాగే రాగి జావ.

జావ ఆమె చెయ్యదు. డిసెంబరు మొదట్లో గంగన్న, "నా కొడుక్కు పొద్దుటి జావ నేనే కాస్త, నువ్వు పండుకో బిడ్డా," అని ఆ పని తీసుకున్నాడు. ఆమె సంతోషించింది. పిండిలో ఏదైనా కలిసిందేమో అనుకుంది మొదట. కానీ అదే పిండితో కిందటి వారం ఆమె రెండు రోజులు రొట్టె చేసుకుని తిన్నది, ఏమీ కాలేదు. పిండిలో లేదు. ఆ తర్వాతి ఆలోచనను ఆమె వ్యాన్‌లో ఇంటికి వచ్చేదాకా ముట్టుకోలేదు. తనకు ఒంట్లో బాగు చేసిన మనిషి. జావ కాసేది కన్నకొడుక్కి. ఎవరితోనైనా అంటే, నింద తప్పించుకోవడానికి ముసలాయన మీదికి తోసిందంటారు. ఆయన సంచీ వెతుకుదామా అనుకుంది. భర్త జేబులు వెతికిన చెయ్యి గుర్తొచ్చి మానేసింది.

మర్నాడు పొద్దున ఆరింటికి రత్నాకర్ స్నానానికి వెళ్ళాడు. గంగన్న జావ గ్లాసు బల్ల మీద పెట్టి, పైన చిన్న ప్లేటు మూసి, చెంచా కడుగుతున్నాడు. సుహాసిని వచ్చి కుర్చీలో కూర్చుంది. ప్లేటు తీసింది.

"ఇయ్యాల ఇది నేను తాగుత మామా."

"నీకు వేరే కాస్త బిడ్డా. గిన్నెల ఉన్నది ఇంక."

"ఇదే తాగుత."

"రత్నంది అది. మజ్జిగ కలిపిన. నీకు పడది."

"నాకు మజ్జిగ పడుతది," అని ఆమె గ్లాసు ఎత్తింది. పెదవికి తగలకముందే ఆయన ఇటు వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చేతికి ఇంకా తడి ఉంది. గట్టిగా పట్టుకున్నాడు, నొప్పెట్టేంతగా.

"నీకు షుగర్ లేదు," అన్నాడు చివరికి. "తాగితే పడిపోతవ్."

ఆమె గ్లాసు దించింది.

"ఏమేసిండ్రు?"

"గ్లిబెన్‌క్లమైడ్. ఊరికెల్లి తెచ్చిన షుగర్ గోలీ. మొదట ఒకటి వేసిన. అటెనుక సగం చేసిన. ఇయ్యాల పావు. పావే, బిడ్డా."

"ఎందుకు?"

గంగన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చోవడంలోనే ఆయనకు ఒక్కసారిగా వయసు మీద పడినట్టయింది. "మీ అత్త కాలు ఎట్ల పోయిందో నువ్వు చూడలే. పోచవ్వకు షుగర్ మొదలైనప్పుడు జగిత్యాలల డాక్టరు, మెల్లగ పోదాం, చిన్న గోలీతోని చూద్దాం అన్నడు. నేను సరే అన్న. రెండేండ్లు మెల్లగ పోయినం. వేలు నల్లగైంది, పాదం తీసిండ్రు, మోకాలి దాంక తీసిండ్రు. ఏడాదికి మనిషే లేదు. ఈడ గూడ గదే చిన్న గోలీ, గదే మెల్లగ. నేను చెప్తె వీడు నవ్విండు. అందరి ముంగట. అందుకే చెప్పకుంట ఏసిన."

"పడిపోయిండు గదా. కారుల. సచ్చిపోయేటోడు."

"తిండి సరిగ్గ తినక అనుకున్న. మిషిన్ల తప్పు అనుకున్న. ఆపిన, దేవుని మీదొట్టు, ఆస్పత్రిల ఉన్నన్ని రోజులు ఆపిన. రెండువందల అరవై అని లూర్దమ్మ చెప్పేసరికి మళ్ళ పోచవ్వే కండ్లల్ల కనవడ్డది."

ఆ మాటకు ఆమెకు జాలి కలగాల్సింది. కలిగింది కూడా. కానీ దానికన్నా ముందు ఇంకోటి పైకి వచ్చింది.

"మూడు రోజులు," అంది. గొంతు పెంచలేదు. "డాక్టర్ నన్ను వంట ఎవరు చేస్తరని అడిగిండు. మీ కొడుకు నా కంచం చూసి తింటున్నడు. మీరు ఆ కుర్చీల కూసోని అన్నీ చూసిండ్రు. గడ్డ ఉందేమో, కడుపు కోస్తరేమో అని గూడ విన్నరు. నోరు తెరవలే."

గంగన్న తల ఎత్తలేదు. "తెరుద్దామనే అనుకున్న. రోజు రోజుకు కష్టమైంది," అన్నాడు.

స్నానాల గది తలుపు దగ్గర రత్నాకర్ తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. తండ్రిని చూశాడు, గ్లాసును చూశాడు, భార్యను మాత్రం చూడలేకపోయాడు.

ఆస్పత్రికి ముగ్గురూ ఒకే టాక్సీలో వెళ్ళారు. దారిలో రత్నాకర్, "సుహా, నేను నిన్ను..." అని మొదలుపెట్టాడు. "ఇప్పుడొద్దు," అంది. అతను ఆ రోజు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వారం తర్వాత ఎత్తాడు. అప్పుడు ఆమె విన్నది, పూర్తిగా క్షమించానని మాత్రం చెప్పలేదు.

డాక్టర్ ముఖీత్‌కు గంగన్న తానే చెప్పాడు. నిలబడి చెప్పాడు, గోలీ పేరు, మిల్లీగ్రాములు, ఏ రోజు ఎంత వేశాడో అంతా. జేబులోంచి మూడు స్ట్రిప్పులు తీసి బల్ల మీద పెట్టాడు. తిట్లకు సిద్ధపడి వచ్చిన మనిషిలా ఉన్నాడు. డాక్టరు మొహం కఠినంగానే ఉంది కానీ, కూర్చోమన్నాడు.

"మీ కొడుకు బతికి ఉండడం మతీన్ పుణ్యం," అన్నాడు. "స్కాన్ ఆపుతున్న. ఆ బయటి రిపోర్టు వచ్చేదాంక చూస్త. ఈ అమ్మకు నేను సారీ చెప్పాలె." ఆమె వైపు తిరిగి నిజంగానే చెప్పాడు.

గంగన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని అడిగాడు. "సార్, ఒక్క మాట. ముప్పై ఏండ్లు ఈ గోలీ ఇచ్చిన. షుగర్ తగ్గుతదని తెలుసు. ఎట్ల తగ్గిస్తదో ఎవరు చెప్పలే, నేను అడగలే. చెప్పుండ్రి."

డాక్టరు ఒక నిమిషం ఆయన్ని చూసి, చీటీల పుస్తకం వెనక్కి తిప్పి ఒక గుండ్రం గీశాడు. "ఇది పాంక్రియాస్ల ఇన్సులిన్ చేసే కణం. దీని గోడకు చిన్న సందున్నది. మనం అన్నం తింటం, నెత్తుట్ల చక్కెర పెరుగుతది, ఆ చక్కెర కణంలకు పోతది. అప్పుడు ఆ సందు మూసుకుంటది. మూసుకుంటేనే ఇన్సులిన్ బయటికొస్తది. చక్కెర తగ్గంగనే సందు తెరుచుకుంటది, ఇన్సులిన్ బందు. అంటే ఆ సందు చక్కెర చూసి నడుస్తది. మీ గోలీ ఏం చేస్తదంటే, పోయి సీదా ఆ సందును మూసేస్తది. మనిషి తిన్నడా, ఉపాసం ఉన్నడా దానికి తెల్వదు. చక్కెర నలభైకి దిగినా మూసే ఉంచుతది. పైగా ఇది తొందరగ ఒంట్లకెల్లి పోదు. ముసలోళ్ళల్ల, కిడ్నీ బాగ లేనోళ్ళల్ల రెండు రోజులు కూడ ఉంటది."

"రెండు రోజులు," అన్నాడు గంగన్న.

"మందు చెడ్డది కాదు చాచా. లక్షల మంది వేసుకుంటున్నరు. తిన్నంక వేసుకోవాలె, కిడ్నీ చూసి ఇయ్యాలె, చూస్తుండాలె."

గంగన్న ఆ గుండ్రాన్నే చూస్తున్నాడు. ఎవరితోనూ కాకుండా అన్నాడు. "లచ్చవ్వ అని బీడీలు చుట్టేది. డెబ్బై ఉంటయి. నా దగ్గర్నే షుగర్ గోలీ. మక్కచేనుల పడి ఉన్నదని పిలిచిండ్రు. పోయేసరికి ఒళ్ళంత చెమట, పండ్లు గిట్టకరుచుకొని ఉన్నది. వడదెబ్బ అని చెప్పిన. గ్లూకోజ్ పెట్టలే. పొద్దుగూకె యాళ్ళకు పోయింది." ఆగాడు. "అది కార్తీకం సార్. ఎండెక్కడిది? నేను చెప్పిన, వాళ్ళు నమ్మిండ్రు."

లూర్దమ్మ తలుపు తీసి లోపలికి చూసి, మళ్ళీ మెల్లగా వేసేసింది.

ఆ సాయంత్రం గంగన్న తన ఫోన్ తెచ్చి కోడలి ముందు పెట్టాడు. ఆయనకు చదవడం వచ్చు, ఫోన్‌లో తెలుగు కొట్టడం రాదు. ఊరి వాట్సాప్ గ్రూపు తెరిచాడు. నూట ఎనభై మంది ఉన్నారు.

"నేను చెప్త, రాయి బిడ్డా."

రత్నాకర్ అడ్డం వచ్చాడు. "బాపూ, ఆగు. రేపు ఎవడన్నా కేసేస్తడు. ఎవరెవరికి ఇచ్చినవో ఒక్కొక్కరికి ఫోన్ చేసి చెప్పు, సాలు. అందరి ముంగట రాసుడెందుకు?"

"ఎవరెవరికి ఇచ్చిన్నో అందరు నాకు యాదికి లేరు," అన్నాడు గంగన్న. "రాయి."

ఆమె రాసింది. గంగన్న డాక్టర్ దోహా నుంచి చెప్పేది ఏమంటే, నా దగ్గర షుగర్ గోలీలు తీసుకున్న వాళ్ళు ఒక్కసారే ఆపకండి, అట్లని తినకుండా వేసుకోకండి. పొద్దునో మధ్యాహ్నమో చెమట, వణుకు, కండ్లు మసక వస్తే ఎంబడే చక్కెర నోట్లో వేసుకోండి. ఈ వారంలోనే జగిత్యాల పెద్దాస్పత్రికి పోయి కిడ్నీ పరీక్ష చేయించుకుని వాళ్ళు చెప్పిన గోలీ వేసుకోండి.

"ఇంకొకటి రాయి," అన్నాడు. "ఇది నాకు ఇన్నేండ్లు తెల్వదు."

సుహాసిని వేలు ఆగింది. రత్నాకర్ కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆమె ఆ వాక్యం కూడా కొట్టి పంపింది.

జవాబులు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. గల్ఫ్ అంతా దుబాయే ఆ ఊరికి. దుబాయ్ నుంచి ఎప్పుడొస్తున్నావని ఒకరు అడిగారు. దుబాయ్ డాక్టర్లు మందులమ్ముకోవడానికి ఇట్ల భయపెడతారు సార్, మీరు నమ్మకండి అని ఇంకొకరు. మా నాయనకు రోజూ పదకొండింటికి వణుకు వస్తుంది, ఇప్పుడేం చెయ్యాలని ఒకరు అడిగితే గంగన్న అప్పటికప్పుడు ఫోన్ కలిపి పావుగంట మాట్లాడాడు. ఆమె ఒక్కొక్కటే పైకి చదువుతూ ఉంది, ఆయన ఒక్కొక్కరికీ బదులు చెబుతూ ఉన్నాడు.

తర్వాత వచ్చినదాన్ని ఆమె లోపల్లోపల చదువుకుని ఆగిపోయింది. తెర కిందికి జరపబోయింది.

"ఏం రాసిండ్రు?" అన్నాడు గంగన్న. "దాయకు. ఈ ఇంట్ల దాసుడు సాలు."

ఆమె చదివింది. పంపింది లచ్చవ్వ కొడుకు నర్సింగ్. "డాక్టర్ సాబ్, మా అవ్వకు గూడ గివే గోలీలు ఇచ్చినవా?"

గంగన్న కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"అవునని రాయి," అన్నాడు.

ఆమె రాసింది.